కారు మీద మమకారం ఉండనివ్వండి, గాజులు మాత్రం తాకట్టుకు పంపకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారు 2007లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఆయన పోయి పదేళ్లయింది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయన తారీఖు, కిలోమీటర్లు రాసుకున్న చిన్న నోటు పుస్తకం డాష్‌బోర్డు అరలో అలాగే ఉంది. ఇంజను పనికి రూ.45,000, టింకరింగుకూ రంగుకూ రూ.40,000, బ్రేకులు, సస్పెన్షన్, టైర్లకు రూ.25,000 అవుతుందని పాతపట్నం మెకానిక్ చెప్పాడు. పొదుపు ఖాతాలో ఉన్న రూ.45,000 తీసి, మిగతా రూ.65,000 కోసం మా ఆవిడ గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. షావుకారు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటున్నాడు. దుకాణం మీద నెలకు రూ.38,000 వస్తుంది, అమ్మాయి చదువు, అమ్మ మందులతో కలిపి రూ.32,000 ఖర్చవుతుంది. అమ్మ వయసు 74. కారుకు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంది. రూ.35,000 ఇస్తానని బ్రోకరు అడుగుతున్నాడు గానీ, అమ్మడానికి మనసు రావడం లేదు. నేను చేస్తున్నది సరైనదేనా?

జవాబు: పాత బండిని ప్రాణంగా చూసుకునేవారిలో చాలామంది మీరు చేయబోతున్న పొరపాటే చేస్తుంటారు కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. కారు అమ్మేయమని నేను చెప్పను. తండ్రి చేతిరాత ఉన్న పుస్తకంతో సహా ఆ కారును నిలుపుకోవాలనుకోవడం గౌరవించదగిన కోరిక. అయితే ఆ కోరిక తీర్చుకోవడానికి మీరు ఎంచుకున్న డబ్బు మాత్రం ఈ పనికి వాడదగినది కాదు.

మీ ఖాతాలోని రూ.45,000 అంటే మీ ఇంటికి నెలన్నర ఖర్చు కూడా సరిగా రాదు. దుకాణం రెండు నెలలు మూతపడినా, అమ్మగారిని హఠాత్తుగా విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చినా మీ చేతిలో ఉన్నది అంతే. అది కూడా చాలనప్పుడు ఏ ఇంట్లోనైనా చెయ్యి వెళ్లేది బంగారం మీదికే. మీరు ఈ రెండింటినీ ఒకే రోజున, అదీ మూడో వంతుకు పైగా రంగు, టింకరింగు కోసం, ఖాళీ చేయబోతున్నారు. నూటికి రెండు రూపాయలంటే రూ.65,000 మీద నెలకు రూ.1,300, ఏడాదికి రూ.15,600. మీకు నెలకు మిగిలేది రూ.6,000 అయినప్పుడు, అందులో ఐదో వంతుకు పైగా వడ్డీకే పోతే అసలు ఎప్పటికి తీరుతుంది? బ్యాంకులో వడ్డీ తక్కువ కదా అని అడుగుతారేమో. రంగు కోసమైతే అక్కడా వద్దు. ఇక ఫోనులో క్షణాల్లో వచ్చే యాప్ అప్పుల ఊసే ఎత్తకండి.

అప్పు లేని పాత కారుకు ఖర్చు ఉండదని చాలామంది అనుకుంటారు. నాన్నగారి పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో గత మూడేళ్లలో మీరు పెట్టిన రిపేరు ఖర్చులన్నీ గుర్తున్నంతవరకు రాసి కూడి చూడండి. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి విడిభాగాల వెతుకులాట పెరుగుతుందే తప్ప తగ్గదు. 2022లో పొడిగించిన మీ రిజిస్ట్రేషన్ గడువు 2027లో ముగుస్తుంది. 20 ఏళ్లు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో రూ.10,000కు పెంచారు. దానికి ముందు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి.

బీమా ఆదుకుంటుందనే ధీమా కూడా ఈ కారు విషయంలో చెల్లదు. వెయ్యి సీసీలోపు కార్లకు ఏడాదికి రూ.2,094 ప్రీమియంతో వచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారి నష్టానికే. దానికి తోడు యజమాని ప్రమాద బీమా రూ.15 లక్షలకు ఉన్నదో లేదో ఈరోజే చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా ముంచెత్తిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి వరదలో ఇంజనులోకి నీళ్లు చేరితే మీ పాలసీ నుంచి పైసా రాదు. సొంత నష్టానికి పాలసీ దొరికినా, పదేళ్లు దాటిన బండికి మార్చే లోహపు భాగాల ఖరీదులో సగం తరుగుగా కోసేస్తారు. అందువల్ల ఈ కారుకు అసలైన బీమా కష్టకాలానికని ఖాతాలో ఉంచుకునే మీ అత్యవసర నిధే. ఆ నిధి లేకుండా ఇప్పుడు లక్షా పదివేలు పోసి మెరిపించినా, రేపు ఇంట్లో కష్టం వచ్చిన రోజున అదే కారును అదే బ్రోకరుకు, అడిగినంతకే ఇచ్చేయవలసి వస్తుంది.

కాబట్టి ఖాతాలోని రూ.45,000 కదిలించకండి. మొదటి ఐదు నెలల మిగులుతో బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు బాగుచేయించండి. అది ప్రాణాలతో ముడిపడినది కనుక ముందు పెట్టాను. అప్పటిదాకా కారును మహేంద్రగిరి వైపు ఘాటు రోడ్డు ఎక్కించకండి. తర్వాత తొమ్మిది నెలల మిగులు నిధిలో వేస్తే, మూడు నెలల ఖర్చుకు సరిపడా రూ.96,000 దాటుతుంది. అక్కడి నుంచి మిగులులో సగం ఇంజను పనికి, సగం నిధికి కేటాయించి, ఆరు నెలల ఖర్చయిన రూ.1,92,000 చేరేవరకు ఆపకండి. ఈలోగా ఇంజను మొరాయిస్తే కారును ఇంటి దగ్గరే నిలిపి ఉంచండి. నిలిపినందుకు వడ్డీ పడదు. అవసరమైన రోజున అద్దె కారు మాట్లాడుకోవచ్చు.

70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు అమ్మగారికి ఈ నెలలోనే తీసుకోండి. మీకు, మీ శ్రీమతికి, అమ్మాయికి ఆరోగ్య బీమా ఉన్నట్టు మీరు రాయలేదు. లేకపోతే ఇంజను పని కంటే ముందు దానికే డబ్బు పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. తుక్కుకు ఇచ్చి కొత్త కారు కొంటే రోడ్డు పన్నులో రాయితీ ఉంటుంది గానీ, కొత్త కారు వాయిదాలు మోసే స్థితిలో మీరు లేరు.

టింకరింగులో తుప్పు పట్టి చిల్లులు పడిన చోట్లు ఉంటే ఫిట్‌నెస్ పరీక్షకు ముందు వాటివరకే అతికించమని మెకానిక్‌కు చెప్పి, ఆ పనికి విడిగా అంచనా అడగండి. రంగు ఆఖరున, నిధి నిండిన తర్వాత.