ఔటర్ వైల్డ్స్ అనే స్పేస్ గేమ్‌లో ప్రతిసారీ చచ్చిపోతున్నా, ఏం చేయాలో తెలియట్లేదు. వాక్‌త్రూ చూసేయొచ్చా?

మీ ప్రశ్న మొత్తం చదివా. మీరేమో 3 గంటలు ఆడాను, రెండుసార్లు సూర్యుడిలో పడ్డాను, ఒకసారి సూట్ వేసుకోవడం మర్చిపోయి షిప్ దిగి చచ్చాను, 22 నిమిషాలు అవగానే అంతా పోయి మళ్లీ చలిమంట పక్కన నిద్ర లేస్తున్నాను, ఎక్కడికెళ్లాలో గేమ్ ఒక్క ముక్క చెప్పట్లేదు, వీడియో చూసి పూర్తి చేసేయనా అని రాశారు. వద్దండీ. మిగతా ఏ గేమ్‌కైనా చూసుకోండి, దీనికి మాత్రం వద్దు.

ముందు సూర్యుడి సంగతి. ఆటోపైలట్ పెట్టారు కదా, అది టార్గెట్ వైపు తిన్నగా పోతుంది అంతే, దారిలో సూర్యుడు అడ్డం వచ్చినా పక్కకి తప్పుకోదు. పెట్టేముందు మీకూ ఆ గ్రహానికీ మధ్యలో ఏముందో ఒకసారి కళ్లతో చూసుకోండి. బయల్దేరే ముందు గేమ్ మొదలయ్యే ఊళ్లో ఉన్న జీరో గ్రావిటీ గుహలో పది నిమిషాలు తిరగండి, ఆ ప్రాక్టీస్ లేకుండా ఎగిరితే చాలా కష్టం, ఎందుకంటే ఇందులో షిప్ కారులా ఆగదు, ఎంత స్పీడ్ ఎక్కించారో అంత స్పీడూ వెనక్కి నొక్కి తగ్గించుకోవాలి. మ్యాచ్ వెలాసిటీ బటన్ ఉంది చూడండి, నొక్కితే మీ స్పీడ్ టార్గెట్ స్పీడ్‌తో సమానం అవుతుంది, అది అలవాటైతే సగం చావులు తప్పుతాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ గేమ్‌లో లెవెల్ పెరగడం లేదు, కొత్త తుపాకీ లేదు, అసలు తుపాకీయే లేదు, పెద్ద ఇంధనం ట్యాంక్ కొనుక్కోవడం లేదు. మొదటి రోజు ఏ షిప్ ఇచ్చారో ఆఖరి రోజూ అదే షిప్. పెరిగేది మీకు తెలిసింది ఒక్కటే. అన్నీ తెలిసినవాళ్లు ఒక్క లూప్‌లో, ఆ 22 నిమిషాల్లోనే ముగించేస్తారు. అంటే మీరు కష్టపడి కనుక్కునే ఆ విషయాలే గేమ్, వాటిని ఎవరో ఎర్ర బాణం గుర్తు వేసి వీడియోలో చెప్పేస్తే ఇక మీకు ఆడటానికి మిగిలేది ఏమీ ఉండదు. ఒకసారి తెలిశాక తెలియనట్టు మళ్లీ ఆడలేం కూడా. జీవితంలో ఒక్కసారే ఆడగలిగే గేమ్ ఇది, నేను రెండోసారి మొదలుపెట్టి చూశా, రాలేదు ఆ అనుభవం.

మనవాళ్లకి ఈ తొందర ఎక్కడ నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. టెన్త్ నుంచీ గైడ్లు, ఇంటర్‌లో మెటీరియల్, ముఖ్యమైన ప్రశ్నలు, గత పదేళ్ల పేపర్లు. నేను చదివిన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్‌లో ఒక లెక్క రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించే టైమే ఇచ్చేవాళ్లు కాదు, ఐదు నిమిషాల్లో బోర్డు మీద జవాబు, రాసుకో, తర్వాత లెక్క. రెండేళ్లు అలా చదివితే, జవాబు తెలియకుండా అరగంట కూర్చోవడం అనేది మనకి తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఒళ్లంతా జెర్రులు పాకినట్టు ఉంటుంది. మీకు 3 గంటలకే వాక్‌త్రూ మీదకి మనసు పోతోందంటే అదే కారణం, నేను గట్టిగా చెప్పగలను.

నా సంగతి చెప్తా. 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ మీద తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడు ఆడా. మా ఇంట్లో హాల్లో టీవీ పక్కన టేబుల్, లాప్‌టాప్, కజిన్ దగ్గర తీసుకున్న పాత కంట్రోలర్. బ్రిటిల్ హాలో అని ఒక గ్రహం ఉంటుంది, మీరు ఇంకా వెళ్లలేదనుకుంటా. పైకి మామూలు నేలే, కానీ లోపల బోలు, నట్టనడుమ బ్లాక్ హోల్. దాని చుట్టూ తిరిగే చందమామ అగ్నిపర్వతం లాంటిది, నిప్పు రాళ్లు విసురుతూ ఉంటుంది, అవి తగిలి నేల ముక్కలు ముక్కలుగా విరిగి ఆ నల్ల గుంటలోకి పడిపోతుంటాయి. నోమాయ్ అనే పాతకాలం వాళ్లు ఆ నేల అడుగు భాగానికి ఊళ్లు వేలాడదీసి కట్టుకున్నారు. నేను ఆ అంచు వెంబడి నడుస్తున్నా, ఒక చోట బాట విరిగిపోయి ఉంది, జెట్‌ప్యాక్‌తో దూకుదాం అనుకున్నా, అప్పటికే ఇంధనం అడుగుకి వచ్చేసింది. అందలేదు. కింద పడుతుంటే ఆ నల్లటి గుండ్రం చుట్టూ వెలుగు వంగిపోయి కనిపించింది, అది పెద్దదవుతూ పెద్దదవుతూ కళ్ల నిండా అయిపోయింది. అయిపోయింది, చచ్చాను అనుకుని కంట్రోలర్ కింద పెట్టేశా.

చావలేదు. ఇంకెక్కడో తేలాను. చుట్టూ చీకటి, నా వెనక తెల్లటి గోళం ఒకటి, నాతో పాటే పడిన బ్రిటిల్ హాలో నేల ముక్కలు దాని చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. సూర్యుడు ఎక్కడో చిన్న చుక్క. షిప్ అక్కడే ఆ గ్రహం మీద ఉండిపోయింది. దూరంగా ఏదో కట్టడం, దీపాలు కనిపించాయి. అటు వెళ్దామని జెట్‌ప్యాక్ నొక్కితే ఇంధనం సున్నా, ఇక ఆక్సిజన్‌నే ఇంధనంగా వాడుతున్నా అని తెర మీద పడింది. అంటే నేను ముందుకి జరిగే ప్రతి అడుగూ నా ఊపిరిలోంచి పోతోంది. కొంచెం నొక్కడం, తేలడం, లెక్క చూసుకోవడం, మళ్లీ కొంచెం నొక్కడం. లోపల అమ్మ అన్నం పెట్టేశా రా అని పిలుస్తోంది, నాకు నోట్లోంచి మాట రావట్లేదు. ఆ దీపాలు కిటికీలని తెలిసేంత దగ్గరికి వెళ్లా, లోపల గోడ మీద నీలంగా మెరిసే రాత కూడా కనపడుతోంది. అక్కడ ఊపిరి అయిపోయింది. ఎగపోస్తున్న చప్పుడు, తెర మసకబారడం, మళ్లీ చలిమంట.

అన్నం తింటున్నంతసేపూ నాకు అదే ఆలోచన. బ్లాక్ హోల్‌లో పడితే చావడం లేదు. అంటే అది గొయ్యి కాదు, దారి. అక్కడ ఎవరో ఇల్లు కట్టారంటే వాళ్లు కావాలనే అక్కడికి వెళ్లేవాళ్లు, వెళ్లినవాళ్లు తిరిగి రాకుండా ఉంటారా? చెయ్యి కడుక్కుని వచ్చి తిన్నగా మళ్లీ బ్రిటిల్ హాలోకి వెళ్లా, ఈసారి ఇంధనం నిండా, ఆక్సిజన్ నిండా, అంచు మీద నిలబడి కావాలనే దూకా. ఆ దూకిన క్షణం ఇప్పటికీ నా కడుపులో ఉంది. ఆ గదిలో ఏం రాసి ఉందో, ఎలా వెనక్కి వచ్చానో మీకు చెప్పను. కానీ ఆలోచించండి, బ్లాక్ హోల్‌లో దూకితే ఏం కాదు, అవతల స్టేషన్ ఉంటుంది అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే అది నాకు లిఫ్ట్ ఎక్కినట్టు ఉండేది, అంతే.

ఇంకో మాట, మా అమ్మకి గేమ్స్ అంటే ఏమీ తెలియదు, ఎప్పుడూ పట్టుకోలేదు. ఒకరోజు బియ్యం ఏరుకుంటూ నా వెనక కుర్చీలో కూర్చుంది. నేను ఆ జంట గ్రహాల దగ్గర ఉన్నా, ఒకదాని మీది ఇసుక ఇంకోదాని మీదకి స్తంభంలా కారుతూ ఉంటుంది. కాసేపు చూసి, ఇసకంతా అటు పోతోందిగా రా, మరి ఇవతల దాంట్లో కింద పూడుకుపోయింది బయటపడుతుందిగా, అటుదాంట్లో గుంటలు పూడిపోతాయిగా, ముందు ఎటు వెళ్లాలో చూసుకో అంది. నేను రెండు రోజుల నుంచి అక్కడే తచ్చాడుతున్నా. చూసే కళ్లు ఉంటే చాలు ఈ గేమ్‌కి, వేళ్ల స్పీడ్ అక్కర్లేదు అని నేను అనేది అందుకే.

ఇది పెద్ద స్టూడియో పుర్రెలోంచి వచ్చింది కూడా కాదు. అలెక్స్ బీచమ్ అనే ఆయన అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టాడు. 2015లో, ఇంకా పూర్తి కాకముందే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి వచ్చింది, 2019లో రిలీజ్ అయింది, 2020లో బ్రిటన్‌లో అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు బెస్ట్ గేమ్ ఇచ్చారు. మన దగ్గర మాత్రం స్పేస్ గేమ్ అనగానే పేలుడు ఉందా, మల్టీప్లేయర్ ఉందా అని అడుగుతారు. తెలుగులో గేమింగ్ వీడియోలు ఇన్ని వస్తున్నాయి, అన్నీ అవే నాలుగు షూటింగ్ గేములు. నాకు నిజంగా బాధగా ఉంటుంది. దానికి తోడు ఇందులో చదవాల్సిన టెక్స్ట్ చాలా ఎక్కువ, తెలుగులో లేదు, తెలుగు మీడియంలో చదువుకున్న మా తమ్ముడికి స్క్రీన్ షేర్ పెట్టి నోమాయ్ రాతలన్నీ నేనే తెలుగు చేసి చదివి వినిపించా, వాడు నాకంటే ముందే రెండు చిక్కులు విప్పేశాడు.

సరే, ఇప్పుడు మీరేం చేయాలంటే. షిప్‌లో వెనకాల మీరు కనుక్కున్నవన్నీ రాసిపెట్టే లాగ్ ఉంటుంది, ప్రతి లూప్ మొదట్లో అది తెరవండి, చచ్చినా అందులోది పోదు. ఆరెంజ్ గుర్తు ఉన్న చోట ఇంకా చూడాల్సింది మిగిలి ఉందని అర్థం. ఎక్కడ కుతూహలంగా ఉంటే అక్కడికి వెళ్లండి, వరస అంటూ లేదు, డార్క్ బ్రాంబుల్ అనే గ్రహానికి మాత్రం కొంచెం ఆగి వెళ్లండి. ఎక్కడైనా చెట్టు కనిపిస్తే పక్కన నిలబడండి, ఆక్సిజన్ నిండుతుంది. నిద్ర లేవగానే తల దించకుండా పైన ఆకాశం వైపు చూడండి, పచ్చటి గ్రహం పక్కన ఏదో జరుగుతుంది, ప్రతిసారీ జరుగుతుంది. ఏమీ తోచకపోతే దూరంగా ఉన్న శబ్దాలు వినిపించే సిగ్నల్‌స్కోప్ తీసి ఒక్కో గ్రహం వైపు తిప్పండి, ఒక చోట బాంజో, ఒక చోట వేణువు, ఒక చోట డ్రమ్స్ వినపడతాయి, మీ ఊరి నుంచి ముందే వెళ్లినవాళ్లు వాయిస్తున్నారు. బాగా దూరం వెళ్లి వెనక్కి తిరిగి అన్నిటినీ ఒకే చూపులో పెట్టి వినండి, ఎందుకో చెప్పను.

అప్పటికీ ఆగిపోతే మీ లాగ్‌లో ఏమేం ఉన్నాయో ఇక్కడ రాయండి. ఏ గ్రహం వైపు చూడాలో అంతవరకు చెప్తా. జవాబు మాత్రం అడగకండి.