కొత్త కంప్యూటర్‌లో రూటర్ డిస్కు తెరుచుకోకపోతే

అన్నా, మిర్యాలగూడలో మీ ఇంటి రూటర్‌కు తగిలించిన డిస్కులోని పెళ్లి ఫొటోలు పాత కంప్యూటర్‌లో వస్తున్నాయి, కొత్తదానిలో రావడం లేదన్నారు. డిస్కు చెడిపోలేదు, దయచేసి ఫార్మాట్ చేయకండి! పాత రూటర్లు చాలావరకు ఎస్‌ఎంబీ 1 పద్ధతిలోనే (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో పాత రకం) ఫైళ్లు పంచుతాయి. 2017 చివరి నుంచి విండోస్ దాన్ని క్రమంగా తీసేస్తూ వచ్చింది, ఇప్పుడు కొత్తగా వేసే విండోస్‌లో అది మామూలుగా ఉండదు. 2017 మే నెలలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఆ దారినే పాకింది. అందుకే ఎస్‌ఎంబీ 1ను మళ్లీ ఆన్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.

ముందు రూటర్ ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, రూటర్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఎంబీ 2 ఎంచుకుని, షేర్‌కు (పంచుకునే ఫోల్డర్‌కు) పాస్‌వర్డ్ పెట్టండి. నెట్‌వర్క్‌లో పేరు కనిపించకపోయినా, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వెంటనే రూటర్ ఐపీ నంబరు కొట్టండి. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో అలాగే తెరుచుకుంది. ఎస్‌ఎంబీ 2 లేనే లేకపోతే, రూటర్‌ను ఆపి, డిస్కును నేరుగా కంప్యూటర్‌కే తగిలించి ఫొటోలు కాపీ చేసుకోండి.