ఒక్కసారిగా తాగుడు మానేయమనే వీడియోను నమ్మవచ్చా?

ప్రశ్న: మా వారికి 42 ఏళ్లు. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం నడుపుతున్నారు. పదేళ్లుగా తాగుతున్నారు, ఇప్పుడు రోజుకు రెండు క్వార్టర్లు. ఉదయం చేతులు వణుకుతాయి, కాస్త తాగితే గానీ ఆగవు. నిరుడు అయ్యప్ప మాల వేసుకున్న రెండో రోజే మూర్ఛ వచ్చి పడిపోయారు. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం పడలేదనుకున్నాం. ఈమధ్య ఫోనులో ఒక వీడియో చూశారు. 21 రోజులు మనసు గట్టి చేసుకుంటే మెదడు మామూలవుతుందని, మందులు అక్కర్లేదని, ఇది శాస్త్రం నిరూపించిందని అందులో చెప్పారట. సోమవారం నుంచి చుక్క ముట్టనంటున్నారు. మా ఆడపడుచేమో ఆయనకు తెలియకుండా మజ్జిగలో ఏదో పొడి కలపమంటోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీరు రాసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ మూర్ఛ. ఆయన ఇంట్లో ఉండి ఒక్కసారిగా మానేయకూడదు. మానడం వైద్యుల కళ్ల ముందు మొదలుకావాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు, ఆ మత్తును తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం వస్తుంది, లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టలేరు. ఆ దశలో ప్రాణం కూడా పోవచ్చు. నిరుడు మీ వారికి వచ్చింది బహుశా ఇలా హఠాత్తుగా మానడం వల్ల వచ్చిన మూర్ఛే. మిగతా కారణాలు లేవని పరీక్షించి తేల్చుకోవాలి. ఒకసారి ఇలా మూర్ఛ వచ్చినవారికి, మళ్లీ మానినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. మాల వేసుకుని తాగుడుకు దూరమైనవారు మన సీమలో ఎందరో ఉన్నారు, ఆ నిష్ఠ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఉదయపు వణుకు మొదలైనవారు దీక్షకు ముందే డాక్టరును కలవాలి.

ఆసుపత్రిలో ఆ ఉద్రేకాన్ని అణచే డయజిపామ్ వంటి మందును తగిన మోతాదులో మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. నీరసంగా ఉన్నారని ఊళ్లో గ్లూకోజు ఎక్కించవద్దు. బి1 లోపం ఉన్నవారికి ముందు అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

ఇక ఆ వీడియో సంగతి. వ్యసనంలో మెదడు మారుతుందన్నది నిజం, మానితే చాలావరకు కోలుకుంటుందన్నదీ నిజం. 21 రోజుల లెక్కకు మాత్రం ఆధారం లేదు, నెలలు పట్టవచ్చు. ఇలాంటి సలహా ఏది వచ్చినా నేను మొదట చూసేది ఒక్కటే: నువ్వు ఎంత తాగుతావు, మానితే నీకేమవుతుంది అని అడిగిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల పరీక్షను తయారుచేసింది అందుకే. మీ వారికి మూర్ఛ వచ్చిందని ఆ వీడియోకు తెలియదు. మనిషిని అడగకుండా చెప్పే సలహా, ఎన్ని మెదడు బొమ్మలు చూపించినా శాస్త్రం కాదు. ఆ తర్వాత చూడవలసింది, ఆ పద్ధతిని మనుషుల మీద మరో పద్ధతితో పోల్చి చూశారా, ఏడాది తర్వాత ఎందరు మానే ఉన్నారు అన్నది.

ఇలా పోల్చి చూసినప్పుడు నిలిచిన పద్ధతులు ఉన్నాయి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవారు కలిసి సమావేశమయ్యే సంఘం, ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. అయినా పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, ఆ సమావేశాలకు క్రమపద్ధతిలో చేర్చే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర మానసిక చికిత్సల కంటే మెరుగ్గా తేలింది. తాగాలనిపించిన వేళ, చోటు, తోడున్న మనిషి రాసుకుని వాటికి ముందే ఉపాయం ఆలోచించుకునే పద్ధతీ పనిచేస్తుంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు మళ్లీ తాగుడులో పడకుండా సాయపడతాయి. కాలేయం, మూత్రపిండాలు చూసి వాటిని డాక్టరే ఎంచుకోవాలి. ఈ మాత్రలు వేసుకోవడం మనసు బలహీనతకు గుర్తు కాదని ఆయనకు చెప్పండి.

పొడి మాత్రం వద్దే వద్దు. అందులో ఏముందో మీకు తెలియదు. మద్యంతో కలిస్తే పడని డైసల్ఫిరామ్ వంటి మందు ఉంటే, తెలియక తాగినప్పుడు వాంతులు, గుండెదడ వచ్చి రక్తపోటు పడిపోతుంది. ఆ మందును డాక్టర్లు రోగికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. పైగా మోసం బయటపడితే మీ మీద నమ్మకం పోతుంది.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మీ వారు తనంతట తానే మానతానన్నారు, అది చిన్న విషయం కాదు. వీడియో అబద్ధమని వాదించకండి. ఉదయం ఆయన తేటగా ఉన్న వేళ చూసి, సోమవారమే మొదలుపెడదాం, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి వెళ్లి మొదలుపెడదాం అనండి. నిరుటి మూర్ఛ సంగతి అక్కడ మొదటి మాటగా చెప్పండి. ముందుగా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ 14416, లేదా వ్యసన విముక్తి సహాయానికి 14446, రెండూ ఉచితమే. అప్పటిదాకా ఉన్నట్టుండి ఆపవద్దు, పెంచనూ వద్దు, వేళకు అన్నం పెట్టండి. మూర్ఛ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా వెంటనే 108కి ఫోను చేయండి.