సోదికీ సుత్తికీ తేడా ఏంటి?

ప్రశ్న: మా ఆఫీసులో ఎవరైనా ఆపకుండా మాట్లాడుతుంటే "సోది ఆపరా" అనేస్తాం. మొన్న ఫోన్లో ఎవరితోనో అలా అంటుంటే మా అత్తగారు విని "సోది అంటే జోస్యం కదమ్మా, తిట్టులా వాడతారేంటి" అన్నారు. ఏది కరెక్ట్? సోది, సుత్తి ఒకటేనా?

జవాబు: మీ అత్తగారు చెప్పింది పాత అర్థం, మీరు వాడేది కొత్తది, రెండూ కరెక్టే. అసలు మాట సోదె, పలకగా పలకగా సోది అయింది. ఎరుకల ఆడవాళ్లు బుట్ట పట్టుకుని "సోది చెబుతానమ్మ సోదీ" అని కేకేసుకుంటూ వీధిలోకి వచ్చేవాళ్లు, పిలిస్తే అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం పోయించుకుని మన చెయ్యి పట్టుకుని మొదలెట్టేవాళ్లు, ఇక ముందు కంచి కామాక్షి పలకాలి, మధుర మీనాక్షి పలకాలి, కాశీ విశాలాక్షి పలకాలి, వీళ్లంతా అయ్యాక గానీ పాయింటుకి రారు, అదీ రాగం తీస్తూ. తీరా వచ్చేది "నీ మనసులో ఒక కోరికుంది తల్లీ, నీ చేతి కూడు తిన్నోళ్లే నిన్ను ఆడిపోసుకుంటారు తల్లీ". ఏ ఇల్లాలికి చెప్పినా ఔననే అంటుంది! చాంతాడంత ఉపోద్ఘాతం, ఎవరికైనా అతికే మాటలు, మధ్యలో లేచిపోలేం... ఇప్పటి అర్థం ఇక్కడే పుట్టిందని నా లెక్క.

అలాగని సోదంటే ఉత్తుత్తిదే అనుకోలేదు మనవాళ్లు. శ్రీనివాస కల్యాణం కథలో స్వామే ఎరుకలసాని వేషమేసుకెళ్లి ఎరుక, అంటే సోదే, చెప్పి మరీ పెళ్లి కుదుర్చుకున్నాడు. "సోదికి పోతే పాత రంకు బయటపడ్డట్టు" అన్న సామెతలో అయితే సోది చెప్పింది అబద్ధం కాదు, అక్కర్లేనంత నిజం.

సుత్తి కథ వేరు. 1982లో వచ్చిన జంధ్యాల సినిమా 'నాలుగు స్తంభాలాట'తో ఆ మాట అందరి నోళ్లలో పడింది, హాస్యనటులు వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అదే ఇంటిపేరైపోయింది. సుత్తి నెత్తి మీద కొడతారు కాబట్టి బాధ వినేవాడిది, సోదిలో అంత హింస లేదు, టైం వేస్టంతే. ఊకదంపుడు ఎక్కువగా ఉపన్యాసాలకే వాడతాం, గింజ లేని పొట్టుని దంచడం అన్నమాట.

ఫ్రెండ్స్ మధ్య సోది అంటే ఎవరూ ఫీలవ్వరు. పెద్దవాళ్ల మాటని సోది అంటే మాత్రం మొరటుగా ఉంటుంది, సొల్లు అంటే ఇంకా మొరటు.