బ్లూపర్స్‌లో పడేసిన ఆ షాట్ గురించి

తమ్ముడూ,

నీ షార్ట్ ఫిల్మ్ లింక్ వచ్చి తొమ్మిది రోజులైంది. ఆ రోజే చూసేశాను, కోపమొచ్చి ఊరుకున్నాను. నిన్న రాత్రి మళ్ళీ చూశాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా. మేడమ్ అనకు, బరంపురంలో అందరూ అక్కా అనే పిలుస్తారు, నువ్వూ అలాగే పిలువు.

సినిమా మొదలవకుండానే "అనివార్య కారణాల వల్ల కొన్ని సన్నివేశాలు అనుకున్న విధంగా తీయలేకపోయాం, మన్నించగలరు" అని కార్డు వేశావు. ఎందుకురా అది? పన్నెండు నిమిషాలు నీకిచ్చి కూర్చున్నవాళ్ళకి ముందే క్షమాపణ చెప్తే వాళ్ళు తప్పులు వెతుక్కుంటూ చూస్తారు. తీసెయ్.

ఇప్పుడు అసలు సంగతి. సూరత్ పవర్‌లూమ్‌లో పనిచేసే కొడుకు పండక్కి వస్తాడని ముసలావిడ ఎదురుచూడ్డం, వాడు గుణుపూర్ బండి దిగి రావడం, ఇద్దరూ కూర్చుని అన్నం తినడం, ఇదీ నువ్వు రాసుకున్నది. రెండో రోజు వాన పడి కరెంటు పోయింది, మూడో రోజు కొడుకు వేషం వేసే కుర్రాడు రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. అప్పుడు నువ్వేం చేశావు? ఫ్రెండ్‌కి అదే చొక్కా తొడిగి వెనకనుంచి రెండు షాట్లు తీసి, మిగతాదంతా వాయిస్ ఓవర్‌తో చెప్పించేశావు. "ఆనాటి నుండి ఆమె నిరీక్షణకు అంతమే లేకపోయెను" అట. పర్లాకిమిడిలో ఎవరు మాట్లాడతారలా? గిడుగు రామమూర్తి గారు 1880లో టీచరుగా వచ్చిన ఊరు మీది. జనం నోట్లో ఉన్న తెలుగే రాయాలని ఆయన ఏళ్ళతరబడి పోట్లాడింది అక్కడ ఉండే, 1936లో మీ ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ వీధుల్లో తిరిగే కుర్రాడు "లేకపోయెను" అని రాస్తే నాకు కడుపు మండదా?

ఇందులో నీ తప్పొక్కటే కాదులే. ముప్పయ్యేళ్ళ కిందట నేనో పత్రికకి కథ పంపితే ఎడిటర్ నేను "ఏటి" అని రాసిన ప్రతిచోటా "ఏమిటి" అని దిద్ది వేశాడు. మా అమ్మ చదివి "ఇది నువ్వే రాసేవా?" అంది, ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది. ఇప్పుడు పత్రికలు పోయి ఫెస్టివల్స్ వచ్చాయి, అక్కడేమో డ్రోన్ షాటు, స్లో మోషన్, మీద గంభీరమైన గొంతు, ఈ మూడూ ఉంటే చాలు ప్రైజులు ఇచ్చేస్తున్నారు, మీ పిల్లలు అదే సినిమా అనుకుంటున్నారు.

నన్ను నిద్రపోనివ్వంది క్రెడిట్స్ అయ్యాక బ్లూపర్స్ అని, అంటే షూటింగ్‌లో దొర్లిన పొరపాట్లని, నవ్వుకోడానికి వేసిన ముక్క. కరెంటు లేదు, ఎవరిదో ఫోన్ టార్చి, కెమెరా ఆన్‌లో ఉందని ముసలావిడగా వేసిన మీ నాన్నమ్మకి తెలీదు. అగ్గిపెట్టె కోసం గూట్లో తడుముకుంటూ "అన్నం సల్లారిపోతంది, ఆడింకా రాలేదేటి?" అంది. ఆ రాని యాక్టర్ గురించే అడిగింది పాపం. దాని కింద నువ్వు నవ్వుల మ్యూజిక్ వేశావు! తమ్ముడూ, నీ సినిమా అదే కదరా. కొడుకు రాడు. కుర్రాడు రాకపోవడంతో నీకు క్లైమాక్స్ దొరికింది, నువ్వేమో దాన్ని చొక్కా తొడిగి కప్పేశావు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో చెప్తాను. 2018లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక కొబ్బరితోటలో చిన్న సినిమా తీస్తున్నాం, తోట యజమానే మా ముసలాయన పాత్ర. సగం అయ్యాక అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. మీ గజపతి జిల్లాని ఎలా ముంచిందో నీకు చెప్పక్కర్లేదు. వారం తర్వాత వెళ్తే తోట మొత్తం పడుకుని ఉంది. నేనేం చేశానో తెలుసా, ముందు తీసిన షాట్లతో మ్యాచింగ్ కోసం నిలబడ్డ చెట్లు వెతుక్కుంటూ ఇచ్ఛాపురం దాటి వెళ్ళాను, ఎనిమిది వేలు వ్యాన్‌కి పెట్టి ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఆయన పైకి చూసి "ఈ సెట్లు ఎవులివమ్మా?" అన్నాడు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు, ఆయనవి అరవై చెట్లు పోయాయి. నేను యాక్షన్ అన్నాను. కంటిన్యుటీ బ్రహ్మాండంగా కుదిరింది, ఎవరూ కనిపెట్టలేదు. ఆ సినిమా నేను మళ్ళీ చూడలేదు.

నీకెవరైనా 'పథేర్ పాంచాలి' షూటింగ్ కథ చెప్తారు, రెల్లుపూలు పశువులు మేసేస్తే సత్యజిత్ రే మళ్ళీ పూసేదాకా ఆగారని. నిజమే, కానీ నీకు ఏడాది లేదు, పరీక్షలవగానే నీ టీమ్ తలో ఊరూ పోతుంది. ఉన్నదాంతో సీను మళ్ళీ రాయాలి, అక్కడికక్కడే. షూట్ ముందురోజు రాత్రి ప్రతి సీను పక్కనా రాసుకో, ఈ మనిషి రాకపోతే ఇది ఎలా నడుస్తుంది, వెలుతురు పోతే ఎలా అని. వాన పడిందా, మబ్బు వెలుతురులో తీసింది మొదటిరోజు ఎండతో కలపకు, ఒక సీను మొత్తం మబ్బుకే ఇచ్చెయ్. చినుకులకి వెనకనుంచి వెలుగు లేకపోతే కెమెరాలో సరిగా కనపడవు, చూరు నీళ్ళు తియ్యి, ఆవిడ కాళ్ళ దగ్గర పడేవి. బయల్దేరే ముందు అందర్నీ మాట్లాడకుండా నిలబెట్టి ఆ గది చప్పుడు ఒక అర నిమిషం రికార్డ్ చెయ్, నీ ఎడిటింగ్‌లో కట్ పడ్డచోటల్లా సౌండ్ ఎగిరిపోతోంది.

స్టేషన్‌లో పర్మిషన్ లేక గేటు దగ్గరనుంచి బండి వెళ్ళిపోవడం తీశావు చూడు, అది బాగుంది. అది ఉంచు, ఆ తర్వాత ఎవరూ దిగి రానక్కర్లేదు.

ఏ కెమెరా కొనాలని అడిగావు, ఇంకేవో అడిగావు, ఇప్పుడు వాటి జోలికి పోను. కెమెరా మెమరీ కార్డులో ఉన్న రెండో రోజు ఫుటేజ్ మొత్తం నాకు కావాలి, చీకట్లో ఉన్నదీ, పనికిరాదనుకున్నదీ కూడా. ఆదివారం దసరా సెలవులకి మీ ఊరు వస్తున్నా, నాన్నమ్మ దగ్గర కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఆ మెమరీ కార్డు ఫార్మాట్ చెయ్యకు.

మీ అక్క,
బరంపురం