ఆ కుర్రాణ్ణి చంపొద్దు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కోపం వచ్చింది. తగ్గాక రాద్దామని ఆగాను గానీ తగ్గేట్టు లేదు.

ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి కిడ్నీల నిండా సిస్టులు, అంటే నీటి తిత్తులు, ఉన్నాయని తెలుస్తుంది. ఇరవై ఆరు వచ్చేసరికి, బయట వాన కురుస్తుండగా, డయాలిసిస్ బెడ్డు మీద ప్రాణం పోతుంది. ఎందుకు చంపావమ్మా వాణ్ణి? నువ్వు రాసింది పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు. పెద్దవాళ్ళలో బయటపడే ఈ రకంలో కిడ్నీలు పూర్తిగా దెబ్బతినేది ఎక్కువమందికి యాభైల్లో, అరవైల్లో. కొందరికి డయాలిసిస్ దాకా అసలు రాదు. అంటే నీ కుర్రాడి ముందు ఇంకా ముప్పై ఏళ్ళ బతుకుంది. ఏదో ఒకరోజు వస్తుందని తెలిసి కూడా వాడు ఉద్యోగం చెయ్యాలి, పెళ్ళి చేసుకోవాలి, ఇంటికి అప్పు తీసుకోవాలి. ఆ ముప్పై ఏళ్ళే కథ. నువ్వు రెండేళ్ళలో తెగ్గొట్టేశావు.

ఇంకో రెండు తప్పులు. డాక్టరు చేత 'మేనరికం వల్లే వచ్చింది' అని లెక్చరిప్పించావు. మేనరికంతో ముప్పు పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి, ఇది వాటిల్లోది కాదు. అమ్మకో నాన్నకో ఒక్కరికి ఉంటే చాలు. ప్రతి కాన్పుకీ బొమ్మా బొరుసా వేసినట్టే, సగానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు. చాలా కుటుంబాల్లో దీనికి కారణమైన జన్యువుని 16వ క్రోమోజోమ్ మీద 1994లోనే పట్టుకున్నారు. రెండోది, తల్లి చేత 'నా కిడ్నీ తీసుకోండి' అనిపించావు. జబ్బు ఆమె వైపు నుంచే వచ్చిందని నువ్వే రాశావు కదా! ఆమె కిడ్నీల్లోనూ అవే సిస్టులుంటాయి, ఎవరు తీసుకుంటారు? ఇలాంటి ఇళ్ళలో రక్తసంబంధీకుల్లో ఇద్దామని ముందుకొచ్చినవాడికే జబ్బుందని తేలుతుంటుంది. చివరికి ఆ రక్తంతో సంబంధం లేని భార్య వైపు చూస్తారు అందరూ. అవయవ మార్పిడి మీద వచ్చిన 1994 చట్టం, అవయవం ఇవ్వదగ్గ దగ్గరి బంధువుల్లో భార్యనీ చేర్చింది. ఆమెని నోరు తెరిచి ఎవరూ అడగరు, అయినా ఇంట్లో ప్రతి మాటా ఆమె మీద బరువు పెడుతుంది.

అయినా ఈ ఉత్తరం రాయించింది కోపం ఒక్కటే కాదు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక పక్కింటామె అడిగితే తల్లి, 'ఈ నీళ్ళు తాగితే ఇంకేమవుద్ది పెద్దమ్మా' అంటుంది. నువ్వు అంతటితో దాటిపోయావు. నేను దాటలేకపోయాను. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళకి పళ్ళు గారపట్టినవాళ్ళని, కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళని చూస్తూ పెరిగిన ఊళ్ళో, కిడ్నీ జబ్బంటే అందరి చూపూ బోరింగు మీదకే పోతుంది. ఆ తల్లికి ఆ బోరింగు పెద్ద ఆసరా. నీళ్ళ వల్లే అయితే తప్పు గవర్నమెంటుది, ఊరందరిదీ ఒకటే కష్టం. కాదంటే తప్పు తన ఒంట్లోకి వస్తుంది. 'మీ పుట్టింటి జబ్బు' అనడానికి అత్తకి నోరొస్తుంది. కొడుక్కి నేనే ఇచ్చానని రాత్రంతా పొర్లి, తెల్లారి బిందె కింద పెట్టి అందరూ వినేట్టు ఆ నీళ్ళని తిడుతుంది చూడు, అది రాయి.

మా ఇంట్లోనూ ఇదే జబ్బు, అమ్మ వైపు నుంచి. మా అన్నకి చిన్న వయసులోనే బీపీ ఎక్కువుందని స్కానింగ్ తీస్తే బయటపడింది. తర్వాత నాకూ తీశారు, ఏమీ లేదన్నారు. బయట బెంచీ మీద అన్న కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది. 'పోన్లేరా, ఒక్కడన్నా' అని లేచి చెప్పులేసుకున్నాడు. ఆ తర్వాత వాడి పక్కన కూర్చుని నేను ఏ పండక్కీ తృప్తిగా తినలేదు. వదిన వాడికి ఉప్పు తగ్గించి చేపల పులుసు వేరే గిన్నెలో కాచేది. నా విస్తట్లో అందరి పులుసు. జబ్బున్నవాడి మీద కథలు చాలానే వస్తాయి. లేదని తేలినవాడు ఆ ఇంట్లో ఎట్టా తిరుగుతాడో ఎవరూ రాయరు. నీ కుర్రాడికి చెల్లెలుంది. కథంతా ఆమె చేత కాఫీలు పెట్టించావు. ఆమెకి స్కానింగ్ ఎందుకు చేయించలేదు?

చేయించకపోవడానికీ కారణం ఉంటుంది. మా అన్న తన కూతురికి పెళ్ళి కుదిరేదాకా స్కానింగ్ మాట ఎత్తనివ్వలేదు. తీస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాలి, చెబితే సంబంధం వెనక్కి పోతుంది. ఆ నోరుమూసుకోవడంలో ఎంత టెన్షన్ ఉందో, ఇంట్లో అందరూ ఒకరినొకరు ఎట్టా కనిపెట్టుకుని ఉంటారో నాకు తెలుసు. నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకెళ్ళి తల్లి చేత స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టించావు, అది బాగుంది. వాడికి పెళ్ళి చేసి, భార్య అదే నీళ్ళలో నిలబడి సంతాన రొట్టెకి చెయ్యి చాపితే వాడేం చేస్తాడు?

ఏ పత్రికకి పంపమంటారని అడిగావు. నా సంగతి చెబుతాను. తొంభైల్లో మా అన్న మీద ఒక కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. అందులో అన్న బతికే ఉంటాడు. తల నొప్పొస్తే మెదడులో నరం చిట్లిందేమోనని హడలిపోతాడు, ఎందుకంటే ఈ జబ్బులో కొందరికి ఆ ప్రమాదమూ ఉంది. సిస్టులు పెరిగి పొట్ట ముందుకొస్తే 'బాగా తింటున్నావే' అన్నవాళ్ళకి నవ్వి ఊరుకుంటాడు. ఒంటేలు ఎర్రగా వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకి పోతాడు. సంపాదకుడు నన్ను అడగనైనా అడక్కుండా ఆఖరి పేరా మార్చి అన్నని చంపి అచ్చేశాడు. అడిగితే, చావు లేకపోతే పాఠకుడికి కన్నీళ్ళు రావన్నాడు. అన్న ఆ పత్రిక కొని చదివాడు. 'నేను పోయానంటగదరా' అన్నాడు. అమ్మ చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మనిషిని నేను ఈ రోజుకీ క్షమించలేదు. ఇప్పటి పోటీల్లో కూడా బహుమతి కథ చివర ఒక శవం ఉండాల్సిందే. నీకు ఆ రోగం అక్కడే అంటుకుంది. కథని బాగుచేశాక పత్రిక సంగతి చూద్దాం.

అన్న ఇప్పటికీ ఉన్నాడు. వారానికి మూడుసార్లు డయాలిసిస్, నాలుగేసి గంటలు. చేతి మీద ఫిస్టులా దగ్గర, అంటే డయాలిసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టినచోట, వేలు పెడితే జుయ్యిమని అదురుతుంది. మనవరాలు దాని మీద చెవి పెట్టి వింటుంది, దానికదో ఆట. ఆ పిల్లకి ఉందో లేదో ఇంట్లో ఎవరూ పైకి అనరు.

జబ్బు వేగం తగ్గించడానికి కొందరికి టోల్వాప్టాన్ అనే మందిస్తారు. వేసుకుంటే విపరీతంగా దాహం, మాటిమాటికీ ఒంటేలు. నీ కుర్రాడు ఆ మందు మీద ఉండి కనిగిరి నుంచి ఒంగోలుకి బస్సులో ఎట్టా వస్తాడో ఆలోచించు. కండక్టరుని ఏమని అడుగుతాడు, పక్క సీటువాడికి ఏం చెబుతాడు?

మేనరికం పేరా కొట్టెయ్. తల్లి కిడ్నీ ఇచ్చే సీను తీసెయ్. వానని కూడా తీసెయ్. ఉగాదికి నెల్లూరు వస్తున్నాను, అప్పటికి చెల్లెలి స్కానింగ్ సీనొక్కటైనా రాసి చేతికివ్వు. కాగితానికి ఒకవైపే రాయి తల్లీ, నాకు చూపు ఆనడం లేదు.

ఇట్లు,
మీ మాస్టారు