పులెంగ్ పేరు, మీ అమ్మ బెంగ

నాన్నా,

నీ కూతురికి మీ అత్తమామలు పులెంగ్ అని పేరు ఎంచారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నా బుర్ర తినేసింది. "దొరక్క దొరక్క పిల్లకి పులి పేరేమిటే అక్కా?" అంటుంది. పులి కాదే తల్లీ, పులెంగ్ అని చెబితే, బళ్ళో పిల్లలు పులిహోర అని పిలుస్తారని ఇంకో దిగులు. ఈ రెండో దిగులు మాత్రం కొట్టిపారెయ్యకు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, పిల్లల సంగతి నాకు తెలుసు.

ముందు అమ్మకి "మంచి అర్థమేలే" అని తేల్చెయ్యకుండా పేరుని విడదీసి చెప్పు. మీ అత్తవారి త్స్వానా, సోతో భాషల్లో పులా అంటే వాన. చివరి 'ంగ్' మన 'లో' లాంటిది. పులెంగ్ అంటే వానలో. జొహన్నెస్‌బర్గ్ ఉన్న దక్షిణాఫ్రికా రాష్ట్రానికి గౌటెంగ్ అని పేరు కదా, గౌటా అంటే బంగారం, అక్కడున్నదీ ఈ 'ంగే'. వాన కురుస్తుండగా పుట్టిన ఆడపిల్లకి పులెంగ్ అని పెడతారు. వానని వెంటబెట్టుకొచ్చిన బిడ్డ మోట్లాలెపులా. మీ అత్తగారు త్స్వానా, మావగారు సోతో కాబట్టి ఇద్దరి వైపూ చెల్లే పేరే ఎంచారు. తెలివైనవాళ్ళు.

వానకి అక్కడున్న విలువ అమ్మకి ఫోన్లో ఎక్కడం కష్టం, గోదావరి గట్టున పుట్టిన మనిషి. డబ్బు సంగతి చెప్పు, ఎక్కుతుంది. 1976లో బోట్స్వానా వాళ్ళు దక్షిణాఫ్రికా రాండ్ వదిలి సొంత డబ్బు తెచ్చుకున్నప్పుడు దానికి పులా అనే పేరు పెట్టారు. వాళ్ళ రాజచిహ్నం కింద రాసుకున్నదీ ఆ ఒక్క మాటే. లెసోతో దేశం వాళ్ళ నినాదం ఖోత్సో, పులా, నాలా: శాంతి, వాన, సమృద్ధి. నేను బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో చేరిన కొత్తలో ఓ మీటింగ్ చివర అందరూ చేతులెత్తి "పులా! పులా!" అని అరిచారు. నేను లేచి కిటికీలోంచి ఆకాశం చూశాను. మబ్బు తునక లేదు. పక్కావిడ కొంగు పట్టి కూర్చోబెట్టింది. మనం జై కొట్టినట్టు వాళ్ళు వాన అంటారట. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను చూస్తే చాలు ఆవిడ కిటికీ వైపు చూపించేది.

అమ్మ ఇంకా గొణిగితే మన పెంటమ్మ మామ్మని గుర్తు చెయ్యి. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని ఆవిడకి ఆ పేరు పెట్టారు కదా. అక్కడా అంతే, మట్లకలా అని ఆడపిల్ల పేరుంది, చెత్త అని అర్థం. పేరు చెడ్డదైతే అది అపశకునమని సామెత కూడా ఉంది వాళ్ళకి: ఇనా లెబె సెరోమో. పేరంటే అంత పట్టింపు ఉన్న మనుషులు నీ కూతురికి వాన అని పెడుతున్నారు.

ఇక బారసాల. ఇరవై ఒకటో రోజే చెయ్యాలని నువ్వు పట్టుబట్టకు. మన పురుడు లాంటిదే అక్కడ బొత్సెత్సి. పాత పద్ధతిలో అయితే మూడు నెలల దాకా తల్లీ బిడ్డా గది దాటరు, ఎవరు పడితే వాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. మీ అత్తగారు ఎన్నాళ్ళు పాటిస్తారో ఆవిడనే అడుగు, నీ భార్యని మధ్యలో పెట్టకు. జవాబు ఏదైనా సరేనను. మూడో నెలలో చేస్తే మనకేం తక్కువ?

ఇంకోటి. నీ సొంత పేరు మీద ఆశ వదులుకో. ఇకనుంచి అక్కడ నువ్వు ర్రాపులెంగ్, తను మ్మాపులెంగ్. మన ఊళ్ళో "బుజ్జిగాడి అమ్మా" అని పిలిచినట్టే, కాకపోతే అక్కడది మర్యాద. మీ మావగారు అలా పిలిచినప్పుడు నవ్వకుండా పలుకు.

పలకడం కూడా నేర్చుకో, నువ్వే తప్పు పలికితే మీ అమ్మ ఏం పలుకుతుంది? చివర 'గ' వినపడకూడదు. 'లే' మీద కాస్త సాగదీసి, నోరు మూయకుండా ముక్కుతో ఆపెయ్యాలి. తెలుగులో సరిగ్గా రాయాలంటే పులేఙ్. వాఙ్మయంలో తప్ప ఎక్కడా పని లేక కూర్చున్న ఆ ఙ మన ఇంట్లో కొలువుకి వచ్చింది చూశావా! బడికి వెళ్ళేలోపు పిల్లకి తన పేరు అర్థం తెలిసుండాలి. పులిహోర అన్నవాడికి అదే జవాబు చెప్పుకుంటుంది.

పుట్టినప్పుడు వాన పడుతోందా, లేక వాళ్ళ మామ్మ పేరా ఇది? అడిగి రాయి, అమ్మకి నేను చెబుతాను. బియ్యంలో పేరు రాయడానికి ఉంగరం నేను తెస్తాను. పళ్ళెం మాత్రం పెద్దది చూడు, ఆ ఙ రాయడం నాకే సరిగ్గా రాదు, రెండు మూడుసార్లు చెరపాల్సి వస్తుంది.

పెద్దమ్మ